దస్త్రం ఎవరి దగ్గరుండాలి?

ఆఫీసులో ఆరు కంప్యూటర్లున్నాయి. ఆరింటి నుంచీ నీలం రంగు వైర్లు లాగి మూలనున్న స్విచ్‌లో గుచ్చేశారు. పచ్చ లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయి. వైర్లు లాగిన కుర్రాడు ‘అయిపోయింది సార్, నెట్‌వర్క్ వచ్చేసింది’ అని డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. నిజంగా వచ్చేసిందా?

రాలేదు. వచ్చింది దారి మాత్రమే. ఊరికి రోడ్డు వేసినంత మాత్రాన బస్సు వచ్చినట్టు కాదు కదా! ఆ దారి వెంట ఎవరు ఎవరింటికి వెళ్లొచ్చు, వెళ్లినవాళ్లు ఏ బీరువా తెరవొచ్చు, తెరిచి చూడటమేనా... అందులో రాయొచ్చా కూడా? ఇవన్నీ తేల్చే పెద్దమనిషి ఒకరుండాలి. ఆయన పేరే నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్. మన బల్లమీది కంప్యూటర్‌కి విండోస్ ఎలాగో, ఆఫీసు మొత్తానికి ఇది అలాగ.

ఈ పెద్దమనిషి లేకపోతే ఏమవుతుంది? పొద్దున పదిన్నరకి ఒక గుమాస్తా ఖాతాల ఫైలు తెరిచి ముప్పై వోచర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. పదకొండింటికి పక్క గదిలో ఇంకో గుమాస్తా అదే ఫైలు తెరిచి ఒక్క వోచరు సరిచేశాడు. మొదటాయన పన్నెండింటికి సేవ్ చేసి టీకి వెళ్లాడు. రెండో ఆయన పన్నెండుంబావుకి సేవ్ చేశాడు. అంతే! ముప్పై వోచర్లూ గాల్లో కలిసిపోయాయి. చివర సేవ్ చేసినవాడిదే రాజ్యం. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ అబద్ధమాడలేదు, కానీ సాయంత్రానికి లెక్క కలవదు. ఇలా జరక్కుండా ‘ఆగు నాయనా, ఆ పుస్తకంలో ఇంకొకరు రాస్తున్నారు’ అని ఆపడాన్నే లాకింగ్ అంటారు. నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనుల్లో ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి లేదంటాన్నేను.

ఎవరి పెట్టె వారిదే!

వీటిలో ప్రధానంగా రెండు రకాలు. పల్లెటూరి లెక్కలో చెప్పుకొందాం. మొదటి రకంలో ఎవరి కాగితాలు వాళ్ల ట్రంకుపెట్టెలోనే ఉంటాయి. ‘కాస్త మీ పట్టా చూపిస్తారా?’ అని పొరుగింటికి వెళ్లి అడగాలి. రెండో రకంలో ఊరి దస్త్రమంతా కరణంగారి దగ్గరుంటుంది. ఎవరికేం కావాలన్నా ఆయన అరుగు ఎక్కాల్సిందే. మొదటిదాన్ని పీర్ టు పీర్ అంటారు, రెండోదాన్ని క్లయింట్ సర్వర్ అంటారు. (దస్త్రం ఒకరి చేతిలోనే ఉంటే ఏం జరుగుతుందో మన ఊళ్లకు బాగానే తెలుసు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. కంప్యూటర్ల లోకంలోనూ ఈ తగువు తీరలేదు.)

పొరుగింటి పద్ధతి చవక. 1980ల చివర్లో, 90ల మొదట్లో లాన్‌టాస్టిక్ అని ఒకటి ఉండేది. అమెరికాలోని ఆర్టిసాఫ్ట్ కంపెనీది. చిన్న ఆఫీసులు దాన్ని తెగ వాడేవి. 1992లో మైక్రోసాఫ్ట్ ‘విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్’ తెచ్చి ఆ సదుపాయాన్ని విండోస్‌లోనే కలిపేసింది. విడిగా కొనాల్సిన పనిలేదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేర్ కొట్టడమనే అలవాటు మనకు 95తో వచ్చినా, పునాది పడింది అక్కడే.

ఇప్పటికీ మన ఊళ్లలో నూటికి తొంభై చిన్న ఆఫీసులు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయని చెప్తే ఎవరూ కాదనరేమో! అకౌంటెంట్ కంప్యూటర్లో ట్యాలీ డేటా ఉంటుంది. మిగతావాళ్లు దాన్ని షేర్ చేసుకుంటారు. బాగానే ఉంటుంది... ఆ అకౌంటెంట్ ఒంట్లో బాగోలేక సెలవు పెట్టే దాకా. లేదా ఐదింటికే మెషిన్ ఆపేసి ఇంటికెళ్లే దాకా. లేదా పిల్లాడి సినిమా పెన్‌డ్రైవ్ తెచ్చి అందులో గుచ్చే దాకా. సర్వర్ పని చేసే యంత్రం మీద ఇంకొకరు కూర్చుని ఆటలాడుకుంటుంటే దాన్ని సర్వర్ అనలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు విండోస్‌కి ఎంతమంది ఒకేసారి వచ్చి ఫైళ్లు అడగొచ్చో లెక్క ఉంది. ఎక్స్‌పీ హోమ్‌లో ఐదుగురు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో పదిమంది. విండోస్ 7 నుంచి ఇరవై. పదకొండో మనిషి వస్తే యంత్రం చచ్చిపోతుందని కాదు, కంపెనీ గీసిన గీత అది. ఈ గీత మీద 1996లో పెద్ద రగడే జరిగింది. విండోస్ ఎన్‌టీ వర్క్‌స్టేషన్‌కీ, అంతకంటే ఎంతో ఖరీదైన ఎన్‌టీ సర్వర్‌కీ లోపలి గుండెకాయ ఒకటేననీ, తేడా అంతా కొన్ని సెట్టింగుల్లోనే ఉందనీ ఓరైలీ ప్రచురణ సంస్థ తరఫున ఆండ్రూ షుల్‌మన్ విప్పి చూపించాడు. మైక్రోసాఫ్ట్ ‘ఆ సెట్టింగుల వల్ల ఇంకా ఎన్నో తేడాలొస్తాయి’ అంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ కొనేవాడికి అర్థమైంది మాత్రం ఒక్కటే: నేను ఎక్కువ డబ్బిస్తున్నది ఎక్కువ సరుకుకి కాదు, తాళం తీసినందుకు!

యూటా కొండల్లోంచి

ఇక కరణంగారి పద్ధతికి వద్దాం. దీని కథ చెప్పుకోవాలంటే నోవెల్ పేరెత్తకుండా కుదరదు. ఇప్పటి కుర్రకారుకు ఆ పేరు తెలియకపోవచ్చు. తొంభైల్లో మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకు మాత్రం సీఎన్‌ఈ అనే మూడక్షరాల విలువ గుర్తుండే ఉంటుంది. సర్టిఫైడ్ నోవెల్ ఇంజినీర్ అని. ఆ కాగితం చేతిలో ఉంటే ఉద్యోగం జేబులో ఉన్నట్టే లెక్క.

నోవెల్ మొదట్లో సాఫ్ట్‌వేర్ కంపెనీయే కాదు. 1979లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పెట్టిన హార్డ్‌వేర్ కంపెనీ. వ్యాపారం సాగక మూతపడే స్థితికొచ్చింది. అప్పటికే ఆ కంపెనీ బ్రిగ్‌హామ్ యంగ్ యూనివర్సిటీలో చదువుకున్న కొందరు కుర్రాళ్లకు కాంట్రాక్టు పని అప్పగించి ఉంది. డ్రూ మేజర్, డేల్ నీబార్, కైల్ పావెల్, తర్వాత మార్క్ హర్స్ట్. తమ జట్టుకు సూపర్‌సెట్ అని పేరు పెట్టుకున్నారు. నెట్‌వర్క్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి వాళ్లు స్నైప్స్ అని ఒక ఆట కూడా రాశారు. ఉత్త అక్షరాలతో బొమ్మలు గీసి, ఒకరినొకరు కాల్చుకునే ఆట. తర్వాత అది నెట్‌వేర్‌తో పాటే వచ్చేది. నెట్‌వర్క్ పరీక్ష పేరుతో ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని గంటలు ఖర్చయ్యాయో ఆ దేవుడికే తెలియాలి!

వీళ్లు చేసిన అసలు పనేమిటో అర్థం కావాలంటే ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో హార్డ్‌డిస్క్ 10 మెగాబైట్లు. మీ ఫోన్‌తో తీసిన మూడు నాలుగు ఫొటోలకు చాలదు. ఆ యంత్రం ధర అమెరికాలోనే దాదాపు 5,000 డాలర్లు. అంత ఖరీదైన డిస్కు మనిషికొకటి ఎవరు కొంటారు? ఒకటి కొని అందరూ పంచుకోవాలి. అప్పట్లో పంచుకునే పద్ధతి ఎలా ఉండేదంటే, డిస్కును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కంప్యూటర్‌కి ‘ఇది నీ సొంత డిస్కే’ అని నమ్మించేవారు. ఉమ్మడి పొలాన్ని గట్లేసి పంచినట్టు. మరి అందరూ వాడే ఖాతాల పుస్తకం ఏ ముక్కలో ఉండాలి? ఇద్దరు ఒకే ముక్కలో రాస్తే? రెండు కంప్యూటర్లూ ఆ డిస్కు తమ సొంతమే అనుకుంటాయి కాబట్టి, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను చెరోపక్కనుంచీ తిరగరాసేస్తాయి. దాంతో ముక్క ముక్కంతా పాడు!

సూపర్‌సెట్ కుర్రాళ్లు దీన్ని తిరగేశారు. డిస్కును పంచొద్దు, ఫైళ్లను పంచుదాం అన్నారు. డిస్కును తాకే హక్కు సర్వర్ ఒక్కదానికే. మిగతావి ‘ఫలానా ఫైలులో ఫలానా చోట ఉన్నది కావాలి’ అని చీటీ పంపుతాయి. సర్వర్ చూసి, హక్కుందో లేదో తేల్చి, ఇంకొకరు రాస్తున్నారో లేదో చూసి, అప్పుడిస్తుంది. ఇవాళ మనకిది ఇంతేగా అనిపిస్తుంది. అప్పట్లో ఇదే మలుపు. 1983లో రే నూర్డా అనే పెద్దాయన కంపెనీ పగ్గాలు పట్టి, హార్డ్‌వేర్ మోజు తగ్గించి, ఈ సాఫ్ట్‌వేర్ మీదే పందెం కట్టాడు. దాని పేరే నెట్‌వేర్. పదేళ్లలో ఆఫీసు నెట్‌వర్క్ అంటే నెట్‌వేరే అన్నంత పేరొచ్చింది.

పోటీదారులు లేకపోలేదు. బాన్యన్ కంపెనీ వైన్స్ అనేదాన్ని యునిక్స్ పునాది మీద కట్టింది. దాన్ని అమెరికా మెరైన్ దళం కూడా వాడింది. మైక్రోసాఫ్ట్ 1987లో ఓఎస్2 మీద లాన్ మేనేజర్ తెచ్చింది. యాపిల్ వాళ్లది యాపిల్‌టాక్, అది వాళ్ల లోకం. ఏదీ నెట్‌వేర్ దరిదాపులకు రాలేదు.

రాయొచ్చు... చెరపకూడదు!

నెట్‌వేర్‌లో నాకు బాగా నచ్చే విషయం దాని హక్కుల పట్టిక. మూడో వెర్షన్ నాటికి ఎనిమిది హక్కులుండేవి. చదవడం, రాయడం, కొత్త ఫైలు సృష్టించడం, చెరపడం, పేరు మార్చడం, ఫోల్డర్‌లో ఏమేమున్నాయో చూడటం, ఇతరులకు హక్కులివ్వడం, వీటన్నిటి మీదా పెత్తనం. ఎనిమిదే కానీ వీటిని కలిపి ఎన్ని మాయలైనా చేయొచ్చు. కొత్త ఫైలు వేసే హక్కు ఇచ్చి, ఏమున్నాయో చూసే హక్కు ఇవ్వకపోతే? అది హుండీ అయిపోతుంది! అందరూ వేయగలరు, లోపల ఏముందో ఎవరికీ కనపడదు. పరీక్ష ప్రశ్నపత్రాలు, జీతాల వివరాలు ఇలా పంపించుకోవచ్చు. పొరపాటున చెరిపేసిన ఫైలును సాల్వేజ్ అనే ఆదేశంతో తిరిగి లేపొచ్చు. ఎవరు చెరిపారో, ఎప్పుడు చెరిపారో కూడా చెప్పేస్తుంది. ఆఫీసులో ‘నేను కాదు సార్’ అనే మాటకు చెల్లుచీటీ!

ఇక దాని ఓపిక సంగతి. సర్వర్ గదిలో కీబోర్డు ముట్టుకోకుండా వదిలేస్తే తెరమీద ఒక పాము పాకుతూ ఉండేది. పనిభారం పెరిగితే పాము పొడుగయ్యేది, వేగం పుంజుకునేది. చూడగానే సర్వర్ ఎంత కష్టపడుతోందో తెలిసిపోయేది. ఏళ్ల తరబడి ఆ పాము పాకుతూనే ఉండేది. 2013లో ఒక నెట్‌వేర్ 3.12 సర్వర్‌ను ఆపేసినప్పుడు అది వార్తయింది. ఎందుకంటే అది 16 ఏళ్లకు పైగా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాకుండా నడిచింది. సాఫ్ట్‌వేర్ చెడిపోయి ఆపలేదు. డిస్కులు అరిగిపోయి, వాటి చప్పుడు భరించలేక ఆపారు!

ఇంకో కథ 2001లో తెగ తిరిగింది. అమెరికాలో ఒక యూనివర్సిటీలో మేస్త్రీలు గోడ కట్టేస్తూ సర్వర్‌ను కూడా లోపలే వదిలేశారట. నాలుగేళ్ల పాటు అదెక్కడుందో ఎవరికీ తెలియదు, పని మాత్రం ఆగలేదట. చివరికి కేబుల్ పట్టుకుని వెళ్తే గోడకు తగిలారట. కథలో అల్లిక ఎంతోగానీ, ఇది నెట్‌వేర్ గురించే పుట్టిందన్నది గమనించాలి. ఇంకే సర్వర్ గురించి చెప్పినా జనం నమ్మేవారు కాదు.

మరి అంత మంచిది ఎందుకు పోయింది?

ఒకటి, నెట్‌వేర్ ఫైళ్లు పంచడంలో, ప్రింటర్లు పంచడంలో దిట్ట. ఇంకో పని చెప్తే తడబడేది. డేటాబేస్, మెయిల్ లాంటి ప్రోగ్రాములను కూడా సర్వర్ మీద నడపాలంటే వాటిని ఎన్‌ఎల్‌ఎమ్ అనే రూపంలో రాయాలి. అవన్నీ సర్వర్ గుండెకాయ ఉన్న గదిలోనే కూర్చుంటాయి. మధ్యలో గోడల్లేవు. ఏ ఒక్క ప్రోగ్రాము తిక్కగా ప్రవర్తించినా మొత్తం సర్వర్ కూలిపోయేది. దాన్నే అబెండ్ అనేవారు. ఆ మాట వినగానే అప్పటి అడ్మినిస్ట్రేటర్లకు చెమటలు పట్టేవి. వేగం కోసం తీసేసిన గోడలే చివరికి ముప్పయ్యాయన్నమాట.

రెండు, ఐపీఎక్స్. నెట్‌వేర్ మాట్లాడే భాష అది. జిరాక్స్ కంపెనీ పద్ధతిలోంచి పుట్టింది. చాలా సుఖమైన భాష. కంప్యూటర్లకు నంబర్లు ఇవ్వనక్కర్లేదు, కార్డు మీదున్న సొంత నంబరే చాలు. గుచ్చితే పనిచేసేది. కానీ 1990ల మధ్యలో ఇంటర్నెట్ వచ్చి లోకమంతా టీసీపీ-ఐపీ మాట్లాడటం మొదలుపెట్టింది. నోవెల్ ఆ భాషను తన అసలు భాషగా చేసుకున్నది 1998లో, నెట్‌వేర్ 5తో. అప్పటికే బస్సు వెళ్లిపోయింది.

మూడు, యజమాని చూపు పక్కకు పోయింది. మైక్రోసాఫ్ట్‌ను అన్ని రంగాల్లోనూ ఎదుర్కోవాలని నూర్డా 1993లో ఏటీ అండ్ టీ నుంచి యునిక్స్ హక్కులు కొన్నాడు. 1994లో వర్డ్‌పర్ఫెక్ట్ కొన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే నోవెల్ దాన్ని కొన్నదాంట్లో చిన్న వంతుకు కోరెల్‌కు అమ్మేసుకుంది. పొలం బాగా పండుతుంటే దాన్ని వదిలేసి సినిమా హాలు కట్టినట్టయింది.

అవతల మైక్రోసాఫ్ట్ ఏం చేసింది? డిజిటల్ కంపెనీలో వీఎంఎస్ రాసిన డేవ్ కట్లర్‌ను 1988లో తెచ్చుకుని, ఎన్‌టీని పునాదుల నుంచీ కట్టించింది. 1993 జులైలో మొదటి వెర్షన్. లావుగా, నిదానంగా ఉండేది. ఫైళ్లు అందించడంలో నెట్‌వేర్‌కు సాటి రాలేదు. కానీ లోపల గోడలున్నాయి. ఒక ప్రోగ్రాము పడిపోతే ఇంకోటి పడదు. డేటాబేస్ కూడా దానిమీదే, మెయిల్ కూడా దానిమీదే. 1996లో ఎన్‌టీ 4 వచ్చేసరికి తెర చూస్తే అచ్చం విండోస్ 95. నెట్‌వేర్ సర్వర్ ముందు కూర్చుంటే నల్లతెర మీద ఆదేశాలు టైపు చేయాలి. ఎన్‌టీ ముందు కూర్చుంటే స్టార్ట్ బటన్ కనిపిస్తుంది. చిన్న కంపెనీ యజమాని దేన్ని కొంటాడు? ‘ఇది మావాడికి కూడా వచ్చు’ అనిపించిందే కొంటాడు. అమీర్‌పేట బోర్డుల మీద సీఎన్‌ఈ చెరిపేసి ఎంసీఎస్‌ఈ రాసుకున్నారు. ఇక్కడ మనకో చుట్టరికం కూడా ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో. అక్కడ ఆయన మొదటి పని ఈ ఎన్‌టీ గురించి కంపెనీలకు చెప్పి ఒప్పించడమే.

న్యాయంగా చెప్పాలంటే ఓడిపోయేనాటికి కూడా నోవెల్ కొన్ని విషయాల్లో ముందే ఉంది. ఆఫీసులోని మనుషులు, ప్రింటర్లు, సర్వర్లు అన్నీ ఒకే పెద్ద వంశవృక్షంలా రాసిపెట్టే డైరెక్టరీని 1993లోనే నెట్‌వేర్ 4లో ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది 2000లో. ఏడేళ్ల తేడా! అయినా ఇవాళ ఏ పెద్ద ఆఫీసుకు వెళ్లి పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టినా దాన్ని సరిచూసేది ఎక్కువచోట్ల యాక్టివ్ డైరెక్టరీయే. నోవెల్ 2004 జనవరికల్లా జర్మనీ లినక్స్ కంపెనీ సుసేను కొనేసి, నెట్‌వేర్ సేవలన్నింటినీ లినక్స్ మీదికి మార్చుకుంది. తర్వాత తానే 2011లో ఇంకొకరి చేతికి, అక్కడి నుంచి మరొకరి చేతికి వెళ్లింది. ఆ సేవలు ఇప్పుడు ఓపెన్‌టెక్స్ట్ అనే కంపెనీ నీడలో ఉన్నాయి.

కెఫేలో కూర్చుని భాష నేర్చుకున్నవాడు

మూడో పాత్ర ఎవరూ పిలవకుండా వచ్చింది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అని పీహెచ్‌డీ విద్యార్థి. తన బల్లమీది పీసీ నుంచి సన్ కంప్యూటర్‌లోని ఫైళ్లు చూడాలన్నది అతడి కోరిక. అందుకు కావలసిన ప్రోటోకాల్ వివరాలు దొరకలేదు. 1991 డిసెంబరులో వైరు మీద రెండు యంత్రాలు మాట్లాడుకుంటుంటే ఆ మాటల్ని పట్టి వినడం మొదలుపెట్టాడు. దీన్నతడు ఫ్రెంచి కెఫే పద్ధతి అనేవాడు. ఫ్రెంచి రాకపోయినా హోటల్లో ఓ మూల కూర్చుని, ఎవరు ఏమన్నప్పుడు సర్వర్ ఏం తెచ్చాడో చూస్తూ పోతే చివరికి భాష వస్తుంది కదా! (ఈ సర్వర్ మన ఉడిపి హోటల్ సర్వరే లెండి.)

అతడు పట్టిన భాష పేరు ఎస్‌ఎంబీ. ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టినది. మైక్రోసాఫ్ట్ దాన్ని తన సొంతం చేసుకుని పెంచింది. ట్రిడ్జెల్ తన ప్రోగ్రాముకు పెట్టిన పేరు ఇంకో కంపెనీ ట్రేడ్‌మార్క్‌కు తగిలింది. దాంతో ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటలేమున్నాయో కంప్యూటర్‌లోని నిఘంటువులో వెతికించాడు. సాంబా అన్న మాట తగిలింది. అలా కుదిరింది ఆ పేరు.

సాంబాతో పాత కంప్యూటర్ మీద లినక్స్ వేసి, పైసా ఖర్చు లేకుండా ఆఫీసు సర్వర్ చేసుకోవచ్చు. అవతలి విండోస్ యంత్రాలకు ఇది విండోస్ కాదని తెలియనే తెలియదు! ఎంతమంది వచ్చినా మనిషికింత అని లైసెన్సు లేదు. మైక్రోసాఫ్ట్‌కు ఇది నచ్చుతుందా? ప్రోటోకాల్ వివరాలు చెప్పకపోవడం పోటీని దెబ్బతీయడమేనని యూరోపియన్ కమిషన్ 2004లో 49 కోట్ల 70 లక్షల యూరోల జరిమానా వేసింది. 2007 సెప్టెంబరులో కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ డిసెంబరులో సాంబా బృందం 10,000 యూరోలు కట్టి ఆ కాగితాలు తెచ్చుకుంది. దొంగచాటుగా విని నేర్చుకున్న భాషకు పదహారేళ్ల తర్వాత వ్యాకరణ పుస్తకం దొరికిందన్నమాట. 2012లో వచ్చిన సాంబా 4 యాక్టివ్ డైరెక్టరీ పనిని కూడా చేయగలిగింది.

అందరికీ తెరిచిన తలుపు

ఇదంతా పాత కథలే అనుకునేవారు 2017 మే 12 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు వానాక్రై అనే పురుగు బయటపడింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. అది లోపలికొచ్చిన దారి ఏదో తెలుసా? మనం ఇందాక చెప్పుకున్న ఎస్‌ఎంబీయే! దాని మొదటి వెర్షన్‌లోని లొసుగు. ఎవరూ ఏ మెయిలూ తెరవనక్కర్లేదు. ఒక్క యంత్రంలోకి వస్తే చాలు, అదే ఫైళ్లు పంచుకునే దారి వెంట పక్క యంత్రానికి, దాన్నుంచి ఆ పక్కదానికి. పొరుగింటి పద్ధతిలో ఇళ్లన్నీ ఒకదానికొకటి తలుపులు తెరిచి కూర్చున్నాయి మరి.

మైక్రోసాఫ్ట్ ఆ లొసుగుకు అతుకును మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. అతుకు వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. వేసుకోనివాళ్లే పోయారు. ఎందుకు వేసుకోలేదు? ఆ కంప్యూటర్ ఎవరిది అంటే ఎవరూ మాట్లాడరు కాబట్టి. పొరుగింటి పద్ధతిలో అసలు జబ్బు ఇదే. ఫైళ్లు అందరివీ, బాధ్యత ఎవరిదీ కాదు.

అలాగని ఆరు కంప్యూటర్ల ఆఫీసు వెళ్లి విండోస్ సర్వర్ కొనాలని నేననను. సర్వర్‌కి ప్రాసెసర్ కోర్ల లెక్కన ఒక లైసెన్సు, మళ్లీ వాడే మనిషికొకటి. పైగా చూసుకునేవాడు కావాలి. యాభైమంది ఉండి, ఎవరు ఏం చూడాలన్నది గట్టిగా తేల్చాల్సి వస్తే ఆ ఖర్చు దండగ కాదు. ఆరుగురికి మాత్రం నాలుగైదేళ్లుగా నేను చెప్తున్నది ఒక్కటే, నాస్ అనే చిన్న డబ్బా కొనుక్కోండి. రెండు డిస్కులుంటాయి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది. కరెంటు బాగా తక్కువ తింటుంది. లోపలున్నది లినక్సూ, సాంబాయే. కాన్‌బెర్రా కుర్రాడి పని ఇవాళ మీ రౌటర్ పక్కన కూర్చుందన్నమాట. దానిమీద ఎవరూ సినిమాలు చూడరు, ఎవరూ ఐదింటికి ఆపేయరు. ట్యాలీ డేటా దాంట్లో పెట్టే ముందు మాత్రం మీ డీలరును ఓ మాట అడగండి. యూపీఎస్ తప్పనిసరి. మన వేసవి కోతల్లో రాస్తుండగా కరెంటు పోతే ఏ లాకింగూ కాపాడదు.

ఇంకో జాగ్రత్త. ఇంట్లోంచి కూడా చూసుకోవచ్చని ఆ డబ్బాను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టేవాళ్లున్నారు. 2022లో డెడ్‌బోల్ట్ అనే ముఠా ఇలా తెరిచి పెట్టిన క్యూనాప్ డబ్బాలనే వెతికి వెతికి తాళాలు వేసింది. ‘ఇవన్నీ ఎందుకండీ, క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?’ అంటారా? పెట్టొచ్చు. అక్కడా ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో తేల్చాల్సింది మీరే. ఇంటర్నెట్ కేబుల్ ఏ జేసీబీకో తెగిన రోజున బిల్లు ఎలా కొడతారో కూడా ఇప్పుడే అనుకోండి.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ సర్వర్ 2012కు 2023 అక్టోబరులోనే ఆగాయి. ఆ మూలనున్న యంత్రం ఏ వెర్షనో రేపు ఓసారి చూడండి. చూస్తూ చూస్తూ అందులో ఏ ఫోల్డర్ పక్కనైనా ‘ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్’ అని ఉందేమో కూడా గమనించండి. ఉంటే తీయించండి. బిల్లులు చూసేవాళ్లకు చూసే హక్కు చాలు. ఇక బ్యాకప్ డిస్కు ఎక్కడుందని అడగండి. సొరుగులోనో, ఇంట్లోనో ఉందంటే సరే. ‘ఇదిగో సార్, సర్వర్‌కే గుచ్చి ఉంచాం, రోజూ అదే కాపీ అయిపోతుంది’ అన్నారనుకోండి... మెచ్చుకోకండి, ముందు దాన్ని పీకించండి. ఫైళ్లకు తాళం వేసే పురుగుకు అది కూడా ఇంకో డిస్కే.